శవపేటికతో మొదలగు సంక్షేమము

శంషాబాదు విమానాశ్రయమునుండి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు ప్రభుత్వమువారి వ్యయముతో నడచు వాహన మొకటి కలదు. దుబాయిలోనో, రియాదులోనో, కువైటులోనో మరణించిన కూలివాని శవపేటికను అతని యింటిముంగిటికి చేర్చు అంబులెన్సు అది. దానికి కుటుంబమువారు బాడుగ చెల్లింపనక్కరలేదు. ఈ యేర్పాటును మేము తప్పుపట్టుట లేదు. అది లేని దినములలో అప్పుచేసి పేటికను ఇంటికి తెచ్చుకొనినవారు ఈ ప్రాంతమున నెందరో కలరు. కాని గల్ఫు దేశములకు పోవు కూలివానికిని అతని ప్రభుత్వమునకును గల సంబంధమంతయు పరిశీలించి చూచినచో, అతడు ప్రాణములతో నుండగా ఏనాడును కంటబడని ప్రభుత్వము అతడు పేటికలో దిగిననాడు మాత్రము కంటబడుచున్నదని చెప్పవలసివచ్చుచున్నది. ఈ మాట వ్రాయుటకు మాకు సంతోషము లేదు.

2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వమువారు గల్ఫు కార్మికులనుగూర్చి ఉత్తరువు లొనర్చిరి. 2023 డిసెంబరు 7వ తేదీనుండి, అనగా నేటి ప్రభుత్వము పదవి స్వీకరించిన దినమునుండి, గల్ఫు దేశములలో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయల సాయము దానివలన లభించును. హైదరాబాదు ప్రజాభవనమున ప్రవాసి ప్రజావాణి యను పేరుతో అర్జీలు స్వీకరించు స్థానము కూడ తెరువబడినది. దానికి పూర్వము దాదాపు పదేండ్లు పాలించిన ప్రభుత్వము ప్రవాసుల విధానము నేడు వచ్చును, రేపు వచ్చును అని చెప్పుచునే కాలము గడపెను. ఆ లెక్కన నిది మేలే. అయినను ఈ యుత్తరువు చదివిన కొలది మాకు రెండు సంగతులు తోచుచున్నవి. మొదటిది, ఇది ఉత్తరువే గాని శాసనసభ చేసిన చట్టము కాదు. ఒక మంత్రివర్గము వ్రాసినదానిని మరియొక మంత్రివర్గము కొట్టివేయవచ్చును. కేరళమువారు 1996లోనే ప్రవాసులకై ప్రత్యేక శాఖ నేర్పరచుకొని, 2008లో చట్టముచేసి సంక్షేమమండలి స్థాపించి, ప్రవాసి తాను చందా కట్టి వృద్ధాప్యమున పింఛను పొందు మార్గ మేర్పరచిరి. రెండవది యింతకంటె ముఖ్యమైనది. ఉత్తరువులోని ధనము మరణమునకే. మూత్రపిండములు చెడి, వెన్నెముక విరిగి, ఒంటికాలితో కోరుట్ల బస్సుస్టాండులో దిగినవానికి ఆ 5 లక్షలలో నొక రూపాయి లేదు. చచ్చినవానికి వెలకట్టి, చావు తప్పినవానిని విడిచిపెట్టుట ఏ ధర్మమో ప్రభుత్వమువారే చెప్పవలెను.

కేంద్రప్రభుత్వమువారి భీమా యున్నది గదా యని కొందరు మిత్రులు మాతో ననిరి. ప్రవాసి భారతీయ బీమా యోజన యను ఆ పథకమున రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినవారికి 10 లక్షల భీమా కలదు. చౌకయైనదే. కాని ఆ 10 లక్షలు ప్రమాదమున మరణించినపుడో, శాశ్వతముగా అంగవికలు డైనపుడో మాత్రమే వచ్చును. మండుటెండలో దినమంతయు పనిచేసి, రాత్రి గదిలో నిద్రించి, ఉదయమున లేవనివాని మరణపత్రముపై గుండె ఆగినదని వ్రాసెదరు. అది సహజమరణ మగును, భీమా పోవును. ఇరువదియెనిమిదేండ్ల యువకుని గుండె ఏల ఆగినదో ఆ పత్రము చెప్పదు, అడుగువారును లేరు. మరియు ఈ భీమా సక్రమముగా వలసల అనుమతి పొంది పోయినవారికే. విజిట్ వీసాపై పంపబడినవానికి అదియును లేదు.

ఇచ్చట ఏజెంట్ల సంగతి వచ్చుచున్నది. దీనిపై మేము కొంత విపులముగా వ్రాయవలసియున్నది, ఏలయన ఇందు ప్రభుత్వముతోపాటు మన పాఠకులలో కొందరికిని పాలు కలదు. 1983 నాటి వలసల చట్టము ననుసరించి, కేంద్రప్రభుత్వమువారి లైసెన్సు పొందిన ఏజెంటు మాత్రమే కూలీలను చేర్చుకొని పంపవలెను. అతడు కూలివానియొద్ద పుచ్చుకొనదగిన మొత్తము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఈ సంగతి జగిత్యాల జిల్లాలో వీసా కొన్నవారిలో ఎందరికి తెలియును? లక్ష, లక్షన్నర చెల్లించినవారే పల్లెపల్లెను కనిపించుచున్నారు. లైసెన్సుదారు బొంబాయిలోనో హైదరాబాదులోనో యుండును. పల్లెలో తిరుగువాడు అతని మనిషినని చెప్పుకొనును. రసీదు ఉండదు. కంపెనీ వీసా యని చెప్పి ఆజాద్ వీసా చేతబెట్టును, లేదా విజిట్ వీసా చేతబెట్టి అచ్చటికి పోయిన పిమ్మట మార్పించెదనని చెప్పును. అచ్చట దిగిన తరువాత పని వేరు, జీతము వేరు. యజమానిని విడిచి బయటికి వచ్చినచో ఖల్లివెల్లి యగును, దొంగవలె దాగి పనిచేసి, ఆ దేశమువారు క్షమాభిక్ష ప్రకటించువరకు వేచియుండవలెను. 2018లో కువైటుననో, 2024లో ఎమిరేట్లలోనో క్షమాభిక్ష వచ్చినపుడు మాత్రమే ఎందరు దిక్కులేక అచ్చట నున్నారో మన ప్రభుత్వములకు తెలియవచ్చినది.

మరి ఆ లక్షన్నర ఎక్కడిది? బ్యాంకు ఇయ్యలేదు. మన ఊళ్లలోని ఆసాములు, దుకాణదారులు నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు వడ్డీకి ఇచ్చుచున్నారు. రెండు రూపాయల లెక్కనైనను నెలకు 3,000 రూపాయలు వడ్డీకే పోవును. అసలు తీరుటకు రెండేండ్లు చాలవు. తీరునంతలో వీసా గడువు తీరును. పొలము తాకట్టు పెట్టినవాని పొలము అప్పిచ్చినవాని పట్టాలో చేరిన సందర్భములు మా పాఠకులకు మాకంటె బాగుగా తెలియును. ఏజెంటును నిందించునపుడు ఈ వడ్డీని కూడ నొక్కింత తలచుకొనవలెనని మా మనవి.

ఏజెంటు మోసము పల్లెలో జరుగునది. ఢిల్లీలో జరిగిన దొకటి వేరుగా నున్నది. గల్ఫు దేశములకు పోవు భారతీయ కూలీలకు ఇంత జీతమునకు తక్కువ కారాదని కేంద్రప్రభుత్వమువారు ఒక కనీస వేతనము నిర్ణయించి యుంచెదరు. 2020 సెప్టెంబరులో, కరోనావ్యాధి విజృంభించియున్న సమయమున, ఆ వేతనమును వారు నూటికి 30 నుండి 50 పాళ్లవరకు తగ్గించిరి. ఎమిరేట్లు, కతార్, ఒమాన్, బహ్రెయిన్ దేశములకు నెలకు 200 డాలర్లు చాలుననిరి. ఇందలి విశేషమేమనగా, ఆ యేడే ఆగస్టు 30వ తేదీన కతార్ ప్రభుత్వము తన దేశమున పనిచేయు వారెవ్వరికైనను నెలకు 1,000 రియాళ్లకు తక్కువ ఇయ్యరాదని చట్టము చేసెను. 200 డాలర్లు సుమారు 730 రియాళ్లు. అనగా పరదేశము మన కూలివాని కష్టమునకు కట్టిన వెలకంటె స్వదేశ ప్రభుత్వము తక్కువ వెల కట్టినది! తెలంగాణలోని గల్ఫు కార్మిక సంఘములవారు ఉద్యమించి, హైకోర్టులో వ్యాజ్యము వేయగా, 2021 జులైలో ఆ తగ్గింపును రద్దుచేసిరి. నడుమ గడచిన పదినెలలలో తక్కువ జీతమునకు సంతకము చేసి పోయినవారి నష్టమును ఎవ్వరు తీర్చిరి? ఆ యాలోచన చేసిన అధికారి యెవరో, ఎవరి మేలుకోరి చేసెనో నేటికిని ప్రజలకు చెప్పినవారు లేరు.

అదే 2020 సంవత్సరము మే నెలలోని రెండు దినములను గూడ జ్ఞాపకము చేయుచున్నాము. మే 7వ తేదీన విదేశములలో చిక్కుకొన్న భారతీయులను తెచ్చు వందే భారత్ విమానములు ఆరంభమయ్యెను. పని పోగొట్టుకొని, జీతము రాక, గదులలో బంధింపబడియున్న కూలివాడు కూడ తన టిక్కెట్టు తానే కొనుక్కొని ఆ విమాన మెక్కవలసియుండెను. మరునాడు, మే 8వ తేదీన, బీహారులోని ఖగడియానుండి లింగంపల్లికి ఒక రైలు వచ్చెను. మన బియ్యపు మిల్లులకు హమాలీలు కావలసియుండిరి, యాసంగి ధాన్యము గుట్టలు పడియుండెను. కావున రెండువందలకు పైగా బీహారు కూలీలను ప్రభుత్వమే రప్పించి, రైల్వేస్టేషనులో స్వాగతమిచ్చి మిల్లులకు చేర్చెను. ఆ హమాలీలపై మాకు ఈర్ష్య లేదు. వారు వచ్చి మన ధాన్యమును కాపాడిరి. మిల్లు ఆగినచో ప్రభుత్వము కదలును, మనిషి ఆగినచో కదలదు అనునది మాత్రము ఆ రెండు దినములలో మాకు కనబడిన సంగతి.

సిరిసిల్ల జిల్లాకు చెందిన ఐదుగురు కార్మికులు 2005లో దుబాయిలో నొక నేపాలీ కావలివాని హత్యకేసులో చిక్కి, సుమారు పదునెనిమిదేండ్లు చెరసాలలో గడపి, 2024 ఫిబ్రవరి నాటికి ఇల్లు చేరిరి. మృతుని కుటుంబమునకు పరిహారముగా 15 లక్షల రూపాయలు 2011లో నేపాళమునకు పోయి ఇచ్చినది సిరిసిల్ల శాసనసభ్యుడు శ్రీ కె. తారకరామారావుగారు. అది వారి స్వంత ప్రయత్నము, దానిని మేము మెచ్చుకొనుచున్నాము. కాని ఆ పని చేయవలసినది ఒక నాయకుని దయయా, లేక ప్రభుత్వమా? శాసనసభ్యుని దృష్టిలో పడని ఖైదీ గతి యేమి? న్యాయవాదిని పెట్టుకొనుటకు, అరబ్బీ పత్రమును తెలుగున చెప్పించుకొనుటకు రాష్ట్రమున నొక కార్యాలయ మున్నయెడల, ఆ యేండ్లలో కొన్ని యైనను తగ్గియుండెడివి కావా?

నాయకుల ప్రసక్తి వచ్చినది గనుక వేములవాడ వ్యవహారము విడువరాదు. సిరిసిల్ల జిల్లాలోని ఆ నియోజకవర్గమునకు 2009 మొదలు 2023 వరకు శాసనసభ్యుడుగా నున్న శ్రీ చెన్నమనేని రమేశ్‌గారు జర్మనీ పౌరుడని, ఆ సంగతి మరుగుపరచి ఎన్నికలలో నిలిచెనని 2024 డిసెంబరు 9వ తేదీన తెలంగాణ హైకోర్టు నిర్ధారించి, 30 లక్షల రూపాయలు ఖర్చుల క్రింద చెల్లింపుమని తీర్పు చెప్పెను. వ్యాజ్యము పదేండ్లకు మించి నడచినది. పాస్‌పోర్టులో నొక అక్షరము తప్పినందుకు విమానాశ్రయమునుండి తిరిగివచ్చిన కూలివాడు ఏ నియోజకవర్గమున నున్నాడో, ఆ నియోజకవర్గమునకే పరదేశపు పాస్‌పోర్టు గల ప్రతినిధి నాలుగు పర్యాయములు ఎన్నికై కూర్చుండెను. అన్ని పక్షములవారికిని ఈ సంగతి వినబడుచునే యుండెను. బీదవాని కాగితములను భూతద్దముతో చూచు ప్రభుత్వములు గొప్పవాని కాగితమును చూచుటకు అన్నియేండ్లు పట్టుట యేల యని ప్రజ లడిగినచో దానికి సమాధానము లేదు.

అసలు వీరేల పోవలెను? కోరుట్ల సమీపమున ముత్యంపేటలోని నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది. చెఱకు వేసిన రైతు వరికి మరలెను, కార్మికుడు వీసాకు మరలెను. తెరిపించెదమను వాగ్దానములు ప్రతి యెన్నికకును వచ్చుచున్నవి. పసుపు రైతు కథయు నిట్టిదే. 2019 లోకసభ ఎన్నికలలో, కోరుట్ల జగిత్యాలలు చేరియున్న నిజామాబాదు స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి, అందు నూటడెబ్బదికి పైగా రైతులే. నాటి ముఖ్యమంత్రి కుమార్తె యోడిపోయెను. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదున ఆరంభమయ్యెను. ప్రజలు విసిగినపుడు ఏమి చేయుదురో ఈ ప్రాంతమువారు ఒకమారు చూపియున్నారు.

సిరిసిల్ల మరమగ్గముల సంగతి వ్రాసిన కొలది పెరుగును. ఈ పట్టణపు పద్మశాలీలు భివండికి, షోలాపురమునకు, సూరతునకు పోవుట నిన్న మొన్నటిది కాదు. అప్పులపాలై ఆత్మహత్యలు చేసికొనిన నేతకార్మికుల యూరిగా ఇది దేశమంతట పేరుపడినది. వారికి పని కల్పించుటకై 2017లో బతుకమ్మ చీరల పథకము వచ్చినది. ఆ మొదటియేడే కొంతభాగము చీరలను సూరతునుండి తెప్పించి పంచిరి. నాసిరకము చీరలని పలుచోట్ల స్త్రీలు వాటిని తగులబెట్టిరి. సిరిసిల్లలో పనిలేక సూరతునకు పోయిన మనవాడు అచ్చట నేసిన చీర కూడ ఆ మంటలో నుండెనేమో యెవరికి తెలియును! తరువాతి యేండ్లలో పని యంతయు సిరిసిల్లకే వచ్చినది, మగ్గములు ఆడినవి. ప్రభుత్వము మారిన పిమ్మట 2024 ఆరంభమున ఆర్డర్లు లేక, పాతబాకీలు రాక మగ్గములు నిలిచినవి. స్వయంసహాయక సంఘముల స్త్రీలకు చీరలని మరల ఆర్డర్లు వచ్చినవి. ఒకే కొనుగోలుదారుని చేతిలో ఊరంతయు నుండి, ఆ కొనుగోలుదారు ప్రభుత్వమై, ప్రభుత్వము ఎన్నికలతో మారునదైనపుడు నేతగాని యింట పొయ్యి ఎట్లు నిలకడగా మండును?

సీమపత్రికలు చదువు మన పట్టణవాసులు ఈ మధ్య బ్రిటనులో వలసలపై చెలరేగిన కోపమును గమనించియుందురు. ఆ ప్రజల కోపము అకారణము కాదు. వారి ప్రభుత్వము 2022లో శరణార్థులను ఆఫ్రికాలోని రువాండాకు పంపెదమని పథకము వేసి, 70 కోట్ల పౌనులు వ్యయముచేసి, నలుగురిని, వారిని కూడ వారి యిష్టముతోనే, పంపగలిగినదని 2024లో వచ్చిన క్రొత్త ప్రభుత్వము పార్లమెంటులో వెల్లడించినది. అంతకుముందు, చిన్ననాడే సక్రమముగా వచ్చి జీవితమంతయు పన్నులు కట్టిన కరీబియను దీవులవారిని కాగితములు లేవని వెడలగొట్టిన విండ్‌రష్ వ్యవహారము బయటపడి, 2018లో హోంమంత్రిణి రాజీనామా చేయవలసివచ్చెను. వృద్ధుల సేవకై విదేశీయులను రమ్మని పిలిచి, వీసాలు అమ్ముకొను దళారులను అరికట్టలేక, 2025 జులైలో ఆ దారినే మూసివేసిరి. మోసపోయినవారిలో భారతీయులు ననేకులు. తప్పుచేసినది ప్రభుత్వము, దళారి. కోపము పడినది మాత్రము వచ్చినవానిపై. ఒకప్పుడు మారిషసునకు, నాటాలునకు, ఫిజీకి మన తెలుగు కూలీలను ఒప్పందపు కాగితముపై వ్రేలిముద్ర వేయించి ఓడలకెత్తిన సామ్రాజ్యము ఆ దేశమువారిదే. ఆ కూలి ఓడలను 1917లో ఆపించుటకు మన నాయకులు దేశమంతట ఎంత ఆందోళన చేయవలసివచ్చినదో మరువరాదు.

బ్రిటనుగూర్చి ఇంత వ్రాయుటకు కారణము కలదు. నేడు జగిత్యాల, కోరుట్ల పొలములలో నాట్లు వేయుటకు బీహారునుండి, ఉత్తరప్రదేశమునుండి, వంగదేశమునుండి ముఠాలు వచ్చుచున్నవి. పరాయివాడు వచ్చి కూలి తగ్గించెనను మాట మన రచ్చబండలయొద్ద కూడ వినబడుచున్నది. మనవాడు రియాదునకు పోవుట వలననే ఆ బీహారువాడు మన పొలమునకు రావలసివచ్చెను. రియాదులో మనవానిని పరాయి యన్నపుడు మనకు కలుగు బాధను నాటులవేళ నొక్కసారి తలచినచో చాలును.

ఇక ప్రభుత్వమువారు చేయవలసినదానిని గూర్చి. ఏ మండలమునుండి ఎందరు ఏ దేశమునకు ఏ ఏజెంటు ద్వారా పోయిరో తెలుపు పట్టిక తహసీలుదారు కచ్చేరిలో నుండవలెను. గొఱ్ఱెలను, బావులను లెక్కించు ప్రభుత్వమునకు మనుష్యులను లెక్కించుట అసాధ్యము కాదు. ఏజెంట్ల లైసెన్సు పట్టిక ప్రతి గ్రామపంచాయతీ గోడమీద వ్రాయింపవలెను, దానిక్రింద ఆ 30,000 రూపాయల సంగతియు వ్రాయింపవలెను. 2024 నాటి ఉత్తరువు చట్టము కావలెను, అందు తిరిగివచ్చిన రోగులకును అంగవికలులకును చోటుండవలెను.

ఇది సాధ్యము కాదనువారికి రైతుబీమాను చూపుచున్నాము. 2018 ఆగస్టునుండి ఈ రాష్ట్రమున పట్టాదారు పాసుపుస్తకము గల, 18 మొదలు 59 ఏండ్లలోపు రైతు ఏ కారణమున మరణించినను, గుండె ఆగినను, పాము కరచినను, అతని కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ముట్టునట్లు ప్రభుత్వమే జీవితభీమా సంస్థకు కిస్తీ కట్టినది. రైతు బ్రదికియుండగనే అతని పేరు, అతని వారసుని పేరు పట్టిక కెక్కెను. చచ్చిన పిమ్మట ప్రజాభవనమునకు అర్జీ పట్టుకొని పరుగెత్తు నవసరము ఆ కుటుంబమునకు లేదు. మా పాఠకులలో పలువురి పేర్లు ఆ పట్టికలో నున్నవి. గుంటెడు భూమి లేనందున దుబాయికి పోయినవాని పేరు అందులో లేదు, పోవుటకై భూమి అమ్ముకొనినవాని పేరు అమ్మిననాడే కొట్టివేయబడినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడ శాసనసభ్యులు ఏ పక్షమువారైనను, వచ్చు బడ్జెటు సమావేశమున లేచి, రైతునకు కట్టిన ఆ కిస్తీని గల్ఫు కూలివానికి ఎంతమందికి, ఏ పద్దుక్రింద కట్టెదరని ఆర్థికమంత్రి నడుగవలెను. అడిగినవారి పేర్లను, అడుగనివారి పేర్లను మేము ఈ పుటలోనే ప్రకటింతుము.